నోట్లో తడి

సంగటి ముద్ద అంచున చిన్న తునక తుంచి, చెనక్కాయల ఊరిబిండి పచ్చడిలో అద్ది నోట్లో పెట్టుకున్నాడు వెంకటప్ప. నిదానంగా నమిలాడు. మింగాక పక్క గిన్నెలోని పప్పు ఒక వేలికి, మజ్జిగ ఒక గుక్క. మూతి తుడుచుకుని గోడ గడియారం వైపు చూశాడు. ఇరవై నిమిషాలు ఆగాలి. కడుపులో మంట పుట్టకపోతే, కళ్ళు తిరగకపోతే, పళ్ళెం లోపలి గదికి పోతుంది. ఇది ఇరవై ఆరేళ్ళుగా జరుగుతున్న పని.

ఆ గది వీరనారాయణది. తొండూరుకూ ముద్దనూరుకూ మధ్య నాలుగు ఊళ్ళలో ఆయన మాటే మాట. పార్టీ మారినా ఆ మాట మారలేదు, ఎందుకంటే ఏ పార్టీ వచ్చినా ఎదుటి ఊరివాళ్ళు రెండో పార్టీలో చేరేవారు. రెండు వైపులా కలిపి పదకొండు మంది పోయారు. ఈ ఏడు మళ్ళీ ఎలక్షన్లు, వీరనారాయణకు టికెట్ వచ్చింది, ఇంకా మూడు నెలలుంది. ఆయన తినే కూడు, తాగే కాఫీ, మాత్ర వేసుకునే నీళ్ళు అన్నీ ముందు వెంకటప్ప నోట్లో పడాల్సిందే. తిరుమల లడ్డు వచ్చినా ఇతనే ముందు. దేవుడి కన్నా ముందు నైవేద్యం తినేవాడు వెంకటప్పేనని ఊళ్ళో ఎకసెక్కాలాడేవారు. అతనూ నవ్వేవాడు.

తిండి ఒక్కటే కాదు. బండ్లు వరసగా పోతే ముందు బండిలో వెంకటప్ప. కొత్త ఇంట్లో బస చేస్తే ఆ మంచం మీద ముందు వెంకటప్ప. తలుపు ముందు తెరిచేది అతనే. ఎవరూ నేర్పలేదు, ఎవరూ బలవంతం చేయలేదు. ఇరవై నాలుగేళ్ళ వయసులో, అన్నదమ్ములతో గొర్రెలు కాసుకునే రోజుల్లో, ఒక పెళ్ళిలో వెనకనుంచి చూసి ఎవరో అతనికి వీరనారాయణ అనుకుని దండం పెట్టారు. అదే ఎత్తు, అవే భుజాలు, నడినెత్తిన అప్పుడే మొదలైన అదే బట్టతల. ఆ సంగతి విని వీరనారాయణ పడీపడీ నవ్వి, ఆ సాయంత్రమే మనిషిని పంపి పిలిపించాడు. ఆ పిలుపుకు వెంకటప్ప ఎంత పొంగిపోయాడంటే మందను నడిదారిలో వదిలేసి వచ్చాడు.

జమ్మలమడుగు అవతల పెన్న ఒడ్డున ఉండే అతని అక్క ఆదిలక్ష్మమ్మ అప్పుడే అంది. "గొర్రె కసాయోణ్ణే నమ్ముతాదంటారు గదరా. గొర్రెలు కాసేటోనివి, నువ్వూ అట్లే పోతాండావు." ముందు పోయేవాడికి పిల్లనెవరిస్తారు? పెళ్ళి కాలేదు. ఏడాదికోసారి అక్క ఇంటికి పోతే ఆమె మరిన్ని గొర్రెల్ని చూపించి, "ఇవి నీవే, ఎప్పుడైనా వచ్చి తోలుకో" అనేది. ఆ మాటకు కూడా అతను నవ్వేవాడు.

ఇరవై నిమిషాలయింది. వీరనారాయణ భార్య లక్ష్మీనరసమ్మ వచ్చి పళ్ళెం తీసుకుంది. గొంతులో గడ్డ వల్ల మాట్లాడకూడదని డాక్టరు చెప్పాడట, నాలుగు రోజులుగా ఆయన గది దాటలేదు. పళ్ళెం లోపలికి పోయేది, ఖాళీగా బయటికి వచ్చేది. ఆమె వెంటనే తిరిగొచ్చి ఇస్త్రీ చేసిన తెల్ల పంచె, తెల్ల చొక్కా, కండువా, నల్ల కళ్ళద్దాలు అతని చేతిలో పెట్టింది.

"బాషాతో కలిసి పొద్దుటూరు ఆస్పత్రికి పో వెంకటప్పా. మొగానికి ఏందో పంజరం మాదిరి కట్టి బల్లకు బిగిస్తారంట. నువ్వు ముందు పండుకుని చూడు. ఎవరడిగినా ఆయప్ప పేరే చెప్పల్ల."

"రేపటాల నుంచి ఆయప్ప వస్తాడు గదమ్మా?"

"ముందు నువ్వు పోయి రా," అంది ఆమె, మెడలో తాళిబొట్టు సర్దుకుంటూ.

అందులో వెంకటప్పకు వింతేమీ కనిపించలేదు. కొత్త మంచం అయితే ముందు తాను పడుకోడా? ఇదీ అంతే. స్నానం చేసి ఆ బట్టలు వేసుకున్నాడు.

బాషా ఆ ఇంట్లో పదిహేనేళ్ళుగా డ్రైవరు. మాటకారి. ముద్దనూరు దాటి, దూరంగా థర్మల్ పొగగొట్టాలు కనబడేదాకా ఆ పొద్దు అతని నోటినుంచి ఒక్క మాటా రాలేదు. వెనక సీట్లో ఎడమ పక్కన, వీరనారాయణ కూర్చునే చోట, వెంకటప్ప కూర్చున్నాడు.

"ఎన్ని దినాలంట ఈ వైద్యం?" అన్నాడు వెంకటప్ప.

"ముప్పైమూడు. శని, ఆదివారాలు తీసేసి. దినామూ పదకొండుంబావుకు."

"ఒకే టైముకా?" వెంకటప్ప ముందుకు వంగాడు. ఇరవై ఆరేళ్ళలో వీరనారాయణ ఒక దారిన పోయి అదే దారిన తిరిగి రాలేదు. పొద్దున ఆరుకు బయల్దేరతానని చెప్పి నాలుక్కే పోయేవాడు, లేకపోతే మర్నాడు పోయేవాడు. అందుకే ఇంకా బతికున్నాడు. "ఒకే తావుకు, ఒకే టైముకు, ముప్పైమూడు దినాలా? ఆయప్ప ఎట్ల ఒప్పుకున్యాడు?"

బాషా అద్దంలోంచి అతన్ని చూశాడు. హారన్ కొట్టి ముందున్న ఆటోను దాటాడు.

ఆ ఆస్పత్రి ప్రొద్దుటూరు వ్యాపారస్తులు కొందరు కలిసి ట్రస్టుగా పెట్టింది. మూడేళ్ళయింది. పోయిన ఆదివారం వీరనారాయణ మొహానికి తువ్వాలు చుట్టుకుని స్వయంగా వచ్చాడు. ఆదివారాలు హైదరాబాదు నుంచి వచ్చే పెద్ద డాక్టరు నోట్లో వేలు పెట్టి చూసి, నాలుక మొదట్లో ఎడమ పక్కన గడ్డ ఉందని, కిరణాలు పెట్టాలని కాగితం రాసిచ్చి సాయంత్రం రైలుకు వెళ్ళిపోయాడు. మిగిలిన వాళ్ళెవరూ ఆ రోజు ఆయన మొహం చూడలేదు.

"వీరనారాయణ గారూ," అని పిలిచింది షంషాద్. వెంకటప్ప లేచాడు.

షంషాద్‌కు ముప్పై అయిదేళ్ళుంటాయి. తలుపు వెనక మేకుకు బురఖా తగిలించి, తెల్లకోటు వేసుకుని, కిరణాలు పెట్టేటప్పుడు తల కదలకుండా రోజుకు పదిమంది మొహాలకు అచ్చులు పోస్తుంది. కాగితం చూస్తూ వరసగా అడిగింది. చక్కెర జబ్బు ఉందా? కట్టుడు పళ్ళున్నాయా? ఒంట్లో ఎక్కడైనా ఇనుము ఉందా, ఎముకలకు రాడ్లేమైనా వేశారా? అన్నిటికీ వెంకటప్ప లేదన్నాడు. వీరనారాయణ ఒంట్లో ఇనుమేమీ లేదు. ఆ విషయం అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

సన్నటి బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టింది. వేడినీళ్ళ తొట్టిలోంచి తెల్లటి ప్లాస్టిక్ రేకు ఒకటి తీసింది. జల్లెడలాగా నిండా చిల్లులు. నీళ్ళు అద్ది, మొహం మీద పరిచి, రెండు వైపులా లాగి బల్లకు బిగించింది. వెచ్చగా, తడిగా, కళ్ళ మీద, పెదాల మీద, గొంతు మీద అతుక్కుంది. కళ్ళు కనబడవు, తల కదలదు. తలుపు ఎటు వైపుందో కూడా తెలియడం లేదు. ఇప్పుడెవడైనా లోపలికొస్తే?

"కదలొద్దు సార్. ముక్కుతో ఊపిరి తీసుకోండి. నేనిక్కడే ఉన్నా," అంది షంషాద్.

ఆమె వేళ్ళు ముక్కుదూలం మీద, కణతల మీద, గడ్డం కింద నెమ్మదిగా ఒత్తుకుంటూ పోయాయి. అచ్చు సరిగ్గా దిగాలని ఒకటికి రెండుసార్లు తడిమింది. వెంకటప్ప మొహాన్ని అంత శ్రద్ధగా ఎవరూ ముట్టుకుని ఉండరు. అమ్మ ముట్టుకుందేమో, గుర్తు లేదు. కళ్ళ చివర్ల నుంచి రెండు చుక్కలు చెవుల్లోకి జారాయి, అవి వేడినీళ్ళే అనుకున్నాడు. ప్లాస్టిక్ చల్లారి గట్టిపడింది. ఆమె దాని మీద పెన్నుతో గుర్తులు పెట్టి, అట్లాగే స్కాన్ గదిలోకి తీసుకుపోయి, గుండ్రటి మిషన్‌లోకి బల్లను పంపి పటాలు తీసింది.

పటాలు తీశాక డాక్టర్ రమణి గదిలో కూర్చోబెట్టారు. ఆమెది ప్రొద్దుటూరే, బంగారు అంగళ్ళ వీధిలో పుట్టి పెరిగింది. పెద్ద డాక్టరు ఆదివారాలు వచ్చి పోతాడు, మిగతా రోజుల్లో వైద్యం నడిపేది ఈమె. వైద్యం మొదలుపెట్టేముందు రోగికి పటం చూపించి అన్నీ చెప్పడం ఆమెకు అలవాటు. భయం పోతుందని. షంషాద్ పక్కనే నిలబడింది.

"ఇదిగోండి, మీ తల," అంది రమణి. తెర మీద బూడిద రంగు గుండ్రాలు ఒకదాని వెనక ఒకటి కదిలాయి. ఒక చోట ఆపింది. "కుడి చెవి కింద, దవడ వెనక. ఇది కనబడుతోందా? లాలాజలం ఊరే గ్రంథి. నోట్లో తడి ఉందంటే చాలావరకూ దీని పుణ్యమే. గడ్డను కాల్చడానికి పంపే కిరణాలు దీని మీద పడితే ఇది ఎండిపోతుంది. మళ్ళీ ఊరదు. పాత మిషన్లతో ఇది తప్పేది కాదు. ఇప్పుడు ఇట్లా పటం తీసి, దీని చుట్టూ మేం గీత గీస్తే, మిషన్ దీన్ని తప్పించుకుంటూ పోతుంది. రెండు పక్కలా కాపాడలేకపోయినా ఒక పక్కదైనా దక్కించుకోవాలని మా తాపత్రయం."

ఆమె చేతి కింద కంప్యూటరు మౌస్ కదిలింది. పచ్చటి గీత ఒకటి ఆ గ్రంథి చుట్టూ నెమ్మదిగా తిరిగింది. కాస్త పక్కకు పోయిందని చెరిపి మళ్ళీ గీసింది.

వెంకటప్ప కళ్ళార్పకుండా చూశాడు. ఇరవై ఆరేళ్ళుగా అతని ఒళ్ళు ఇంకొకరికి అడ్డం పెట్టడానికే ఉంది. పోతే ఎట్లా, కాలితే ఎట్లా అని ఆ ఒంట్లో ఏ ముక్క గురించీ ఎవరూ అనుకోలేదు, అతనూ అనుకోలేదు. ఈయమ్మెవరో, బాదంకాయంత కండ కోసం చెరిపి మళ్ళీ గీస్తోంది. అతనికి నమ్మబుద్ధి కాలేదు.

"నోరు ఎండిపోతే ఏమవుతాదమ్మా?"

"రొట్టె ముక్క మింగాలన్నా పక్కన చెంబుండాలి. నిద్దట్లో నాలుక అంగిట్లో అతుక్కుంటుంది. పళ్ళు పుచ్చిపోతాయి. ఉప్పూ కారం తెలియవు. మాట్లాడుతూ ఉంటే మాట తెగిపోతుంది. మీరు మీటింగుల్లో మాట్లాడేవారు కదా, మీకు ఇది మరీ ముఖ్యం."

"రేపు మల్లా పటం తీస్తారు గదా?"

"మనిషి సరిగ్గా పడుకున్నాడా లేదా చూసుకోవడానికి రోజూ చిన్న పటం తీస్తాం. కానీ కొలతంతా ఇవాళ్టి పటమే. వెంట్రుకవాసి తప్పినా లాభం లేదు. సోమవారం నుంచి ముప్పైమూడు రోజులూ దీని ప్రకారమే నడుస్తుంది."

వెంకటప్పకు అప్పుడు అర్థమైంది. మంచం మీద ముందు పడుకుని లేచిపోవడం లాంటిది కాదు ఇది. తన మొహం కొలతతో ఆయప్ప గొంతులో నిప్పు పెడతారు. గడ్డ ఒక చోట ఉంటే నిప్పు ఇంకో చోట పడుతుంది. గడ్డ పోదు, నోరు పోతుంది. తాను పేరు మార్చి పడుకున్న పాపానికి ఆయప్ప పోతాడు. చెబితే? బయటివాళ్ళకు ఒక్క ముక్క చెప్పడమంటే ఆ ఇంట్లో దాన్ని మించిన తప్పు లేదు. చెప్పినవాళ్ళు ఏమయ్యారో అతనికి తెలుసు.

ఇంతలో రమణి పటాన్ని ఎడమ పక్కకు జరిపింది. జరిపి ఆగిపోయింది.

ఎడమ చెవి కింద, ఆ గ్రంథి ఉండాల్సిన చోట, మూడు తెల్లటి కడ్డీలు. వాటి నుంచి నలువైపులా తెల్లటి చారలు చీలి తెరంతా పరుచుకున్నాయి. ఒక కడ్డీకి తల కూడా స్పష్టంగా కనిపిస్తోంది.

"ఇవి మేకులు," అంది షంషాద్ నెమ్మదిగా.

వెంకటప్ప చెయ్యి తనంతట తానే ఎడమ దవడ మీదికి పోయింది. ఇరవై రెండేళ్ళ కిందట ముద్దనూరు రైల్వేగేటు దగ్గర ముందు జీపు మీద బాంబు వేశారు. ఆ రోజు మొహమంతా రక్తం. కేసవుతుందని పెద్దాస్పత్రికి పోనివ్వలేదు, ఊరి ఆర్‌ఎంపీ డాక్టరు పటికనీళ్ళతో కడిగి కుట్లు వేశాడు. చెనక్కాయల గోదాములో పదకొండు రోజులు పడుకుని లేచాడు. గాయం మానింది. లోపల ఇంకా ఏదో ఉందని ఎవరూ చెప్పలేదు. ఇంతకాలం వీటిని మొహంలో పెట్టుకుని తిన్నాడు, నవ్వాడు, నిద్రపోయాడు.

"ఒంట్లో ఇనుము లేదన్నారు కదా?" రమణి గొంతు మారింది. కాగితాలు తిరగేసింది. మళ్ళీ తెర మీద నాలుక మొదలు చూసింది, పైకి, కిందికి. "పెద్ద డాక్టరు గారు మూడు సెంటీమీటర్ల గడ్డ రాశారు. ఇక్కడ అసలు గడ్డే లేదు."

"అమ్మా," అన్నాడు వెంకటప్ప. "ఆ పటం చించేయండి. అది ఆయప్పది కాదు. నాది. నా పేరు వెంకటప్ప."

రమణి లేచి, చేతికి తొడుగు వేసుకుని, అతని నోట్లో వేలు పెట్టి నాలుక మొదలంతా తడిమింది. టార్చి వేసి చూసింది. మెడ రెండు వైపులా ఒత్తింది. తర్వాత కుర్చీలో కూలబడింది.

"నీకు ఏ జబ్బూ లేదయ్యా. ఈ మేకులు కనబడకపోయి ఉంటే..." అని ఆగి, "ఈ పటమే తీయకపోయి ఉంటే, సోమవారం నేను నీ గొంతు కాల్చడం మొదలుపెట్టేదాన్ని" అంది. షంషాద్ రెండు చేతులతో నోరు మూసుకుంది.

"లేదమ్మా, నాక్కాదు. నేను పంజరం ఎట్లుంటాదో చూసిపోయేదానికి వచ్చినా. సోమవారం ఆయప్పే వస్తాడు," అన్నాడు వెంకటప్ప, ఆమె పొరబాటును సరిదిద్దుతున్నట్టు.

రమణి చేతి తొడుగు తీసేసింది. "అయితే ఆయన్ని వెంటనే రమ్మను. రోజులు గడిచేకొద్దీ గడ్డ పెరుగుతుంది. ఇంకొకటి గుర్తుపెట్టుకో. ఎవరు చెప్పినా ఎమ్మారై అనే అయస్కాంతం మిషన్‌లో మాత్రం పడుకోవద్దు, ఈ మేకులు కదులుతాయి."

తలుపు దాకా వచ్చిన షంషాద్ ఈసారి సార్ అనలేదు. "అన్నా, ఆ ఎడమ పక్క గ్రంథి ఇన్నేళ్ళు మేకుల మధ్యనే పని చేస్తాంది. గట్టిది," అంది.

బాషా బండి పక్కన నిలబడి బీడీ కాలుస్తున్నాడు. వెంకటప్ప జరిగిందంతా చెప్పాడు. తప్పు చేశానా అని కాదు, ఆయప్పను తొందరగా పిలిపించాలని. బాషా బీడీ కింద పడేసి కాలితో నలిపాడు. నలిపి నలిపి, నేలకేసే చూస్తూ మాట్లాడాడు.

"ఆయప్ప ఊర్లో ల్యా మామా. నాలుగు దినాలాయ బెంగుళూరు పోయి. ఆడ పటం తీసినారు, కిరణాల కరెంటు గూడా మొదలుపెట్టినారు."

"మరి పళ్ళెం?"

"దొడ్లో కుక్కలు తింటాండాయి."

వెంకటప్ప బండి తలుపు పట్టుకుని నిలబడ్డాడు. నాలుగు రోజులు కుక్కల కూడు రుచి చూశాడు. గడియారం చూసి మరీ ఇరవై నిమిషాలు ఆగాడు. "అయితే ముప్పైమూడు దినాలు..."

"నువ్వే. దినామూ పదకొండుంబావుకు బండి ఈడ కనపడల్ల. ఆస్పత్రి పుస్తకంలో ఆయప్ప పేరు పడల్ల. అవతలోళ్ళు ఈ దారి కనిపెట్టుకుని ఉంటే ఆయప్ప ఆడ నిమ్మళంగా ఉంటాడు. నీ మొగం మీద ఏందో లైటు ఏస్తారంట అనుకున్యా మామా. కాలుస్తారని నాకు తెల్దు. అల్లా తోడు."

"ఆయప్పకూ తెల్దేమో," అన్నాడు వెంకటప్ప. "ఫోన్ కలుపు."

కలిపాడు. ఏం జరిగిందో బాషా నాలుగు ముక్కల్లో చెప్పి ఫోన్ ఇచ్చాడు. వీరనారాయణ గొంతు బొంగురుగా ఉంది.

"చెప్పేసినావంట గదరా."

"నీ పటం తప్పు పోతాదని చెప్పినానప్పా. నీ నోరు ఎండిపోతాదని భయమేసింది."

"నా పటం ఈడ తీసినార్లే. నువ్వు చేసినదానికి ఇంగో ఆస్పత్రి చూడల్ల ఇప్పుడు. ఆదివారం బాషాతో కర్నూలుకు పో."

"నాకు జబ్బు ల్యాదంట అప్పా."

"తెలుసు లేరా."

"కరెంటు పెడితే నోరు ఎండిపోతాదంట. మల్లా ఊరదంట."

"రవ్వంత ఎండుతాది, అంతే. ఎలక్షన్లొస్తాండాయి, నేను మీటింగుల్లో మాట్లాడల్ల. నీకు మాట్లాడే పనేముందిరా?"

వెంకటప్ప చెవి దగ్గర ఫోన్ అట్లాగే ఉంది. అవతల ఎప్పుడు పెట్టేశారో తెలియలేదు. విషం ఉందిరా, తిను అని చెప్పి పెట్టి ఉంటే తినేవాడే. మొదటి రోజు నుంచి ఆ ఒప్పందం మీదే కదా ముద్ద తుంచుతున్నది. బాంబు పడుతుందని తెలిసే ముందు బండి ఎక్కాడు. ఇది చెప్పలేదు. ఒక్క మాట అడగలేదు. అడిగితే ఒప్పుకునేవాడని తెలిసి కూడా అడగలేదు. అతనికి కోపం కూడా రాలేదు, కోపం రావడానికి ముందు నమ్మకం కలగాలి కదా, జరిగింది ఇంకా నమ్మలేకపోతున్నాడు. ఫోన్ బాషాకిచ్చి బండి ఎక్కాడు. ఈసారి ముందు సీట్లో కూర్చున్నాడు.

ముద్దనూరు వచ్చేసరికి మధ్యాహ్నం ఎండ కాస్త వాలింది. జమ్మలమడుగు పోయే బస్సులు ఆగే చోట, "ఆపు" అన్నాడు.

"ఈడ యాల మామా?"

"అక్క కాడికి పోతాండా. గొర్రెలుండాయి."

"ఆ గుడ్డలతోనా? ఒగనివే? నీకేమన్నా పిచ్చా? ఇంటికి పోయి మార్చుకోని పో, నేనే దింపుతా."

"ఆ ఇంట్లోకి ఇంగ పోను బాషా." నల్ల కళ్ళద్దాలు తీసి డ్యాష్‌బోర్డు మీద పెట్టాడు. కండువా మడిచి వాటి పక్కన పెట్టాడు. "నన్ను యాడ దించినావో చెప్పొద్దు."

బాషా అద్దంలో చూస్తూ ఉండిపోయాడు. వెంకటప్ప రోడ్డు దాటుతున్నాడు. కుడి చెయ్యి వెనక్కి పెట్టుకుని, ఎడమ కాలు కాస్త ఈడుస్తూ, మెడ నిటారుగా. అది వెంకటప్ప నడక కాదు, వీరనారాయణది. ఇరవై ఆరేళ్ళు నడిచి నడిచి, సొంత నడక ఏదో ఆ మనిషి మరిచిపోయాడు. పిలిచి చెప్పాలనిపించింది బాషాకు. ఏమని చెప్పాలో తెలియక గేరు వేశాడు.

బస్టాపు రేకుల కింద సిమెంటు బల్ల ఉంది. పక్కనే మస్తానమ్మ గంపలో పచ్చి మామిడికాయలు పెట్టుకుని, కోసి, ఉప్పూ కారం చల్లి అమ్ముతోంది. వెంకటప్ప ఒక కాయ కోయించుకున్నాడు. ఆమె ముక్కలను పేపరు ముక్కలో పెట్టి ఇచ్చింది. ఒకటి తీసి, అలవాటు కొద్దీ కొంచెమే కొరికి, ఆగాడు. ఎవరి కోసం ఆగాడో గుర్తొచ్చి తనలో తానే సిగ్గుపడ్డాడు. ఇంకోసారి గట్టిగా కొరికాడు.

పులుపు నాలుకకు తగిలేసరికి రెండు చెవుల కిందా జివ్వుమంది. నోరంతా నీళ్ళు. కుడి పక్క వేలు పెట్టి చూసుకున్నాడు, ఎడమ పక్కా పెట్టి చూసుకున్నాడు. మేకులున్న చోట కూడా ఊరుతోంది, ఇంకాస్త ఎక్కువగానే ఊరుతోంది. మింగాడు, మళ్ళీ ఊరింది.

"ఏమప్పా, కండ్లల్లో నీళ్ళు కారుతాండాయి, శానా పులుపా?" అంది మస్తానమ్మ.

"శానా పులుపమ్మా," అన్నాడు వెంకటప్ప. "బాగుండాది." ఆ రోజంతటిలో అతను నవ్వింది అప్పుడే.

అతను రోడ్డు దాటడం చూసిన మోటారుసైకిలు ఒకటి అవతల ఆగింది. దిగిన ఇద్దరూ రేకుల వెనకనుంచి వచ్చారు. ఆస్పత్రి సంగతి తెలిసి నాలుగు రోజులుగా ఆ దారి కాస్తున్న ఎదుటి ఊరివాళ్ళు. తెల్లచొక్కా వీపు ఒక్కటే కనబడింది వాళ్ళకు, మామిడి ముక్క పట్టుకుని రోడ్డు వైపు తిరిగి ఉన్నాడు. ఎక్కువసేపు పట్టలేదు. మస్తానమ్మ గంప పట్టుకుని గోడకు అతుక్కుపోయింది. అతను అరవలేదని, బల్ల మీదనుంచి మెల్లగా పక్కకు ఒరిగాడని, తర్వాత పోలీసులకు చెప్పింది.

ఒకడు వంగి మొహం తిప్పి చూశాడు. చూసి, చేతిలోని వేటకొడవలి జారవిడిచినంత పని చేశాడు.

"ఈయప్ప ఆయప్ప కాదురా."

"నువ్వే గదరా నడక చూసి చెప్పినావు!"

"ఆయప్ప నడకే. మొగం కాదు."

ఇద్దరూ బండెక్కి పోయారు. జమ్మలమడుగు బస్సు వచ్చింది. డ్రైవరు జనాన్ని చూసి వేగం తగ్గించాడు, కింద ఉన్నది చూసి ఆపకుండా పోనిచ్చాడు. ఎవరో చనిపోయిన మనిషి పేరు అడిగారు. అక్కడున్న ఒక్కరికీ తెలియలేదు.

సిమెంటు బల్ల మీద పేపరు ముక్కలో సగం కొరికిన మామిడి చీలిక ఒకటి మిగిలింది. ఉప్పూ కారం ఎండకు అట్టకట్టాయి, పళ్ళు దిగిన చోట మాత్రం ఇంకా తడిగా ఉంది.